గురువారపు ఉద్యోగం

ఎండకాలం, 58వ రోజు

ఉష్ణోగ్రత: నలభై ఆరు. తాగిన నీళ్ళు: రెండున్నర లీటర్లు. రక్తపోటు: నూట యాభై రెండు. కోపం: ఈ పలకలో దానికి గడి లేదు.

డెబ్భై అయిదు దాటిన ప్రతి మనిషికీ ఎర్రగట్టు పురపాలక సంఘం ఒక ఎలక్ట్రానిక్ పలక ఇచ్చింది. ఎండకు రాలిపోయామో, ఇంకా ఉన్నామో తెలియడానికి రోజూ ఈ అంకెలు నింపాలి. అంకెల కింద "మీ రోజు ఎలా గడిచింది?" అని ఒక ఖాళీ వదిలారు. దాన్ని ఎవరూ చదవరు. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని, పరీక్ష పేపర్ల చివర పిల్లలు రాసుకునే మొర నేనూ ఏనాడూ చదవలేదు. కాబట్టి ఇక్కడ మొహమాటం లేకుండా రాయవచ్చు.

పేరు సింగారమ్మ. వయసు డెబ్భై తొమ్మిది. నివాసం మడుగు వీధి. నలభై ఏళ్ళ కిందట సముద్రం మా ఉప్పు మడుగును, దాని చుట్టూ ఉన్న పదకొండు ఊళ్ళను మింగేస్తే, మిగిలిన మేం ఈ గట్టు మీదికి ఎక్కాం. ముందునుంచీ ఇక్కడ ఉన్నవాళ్ళు గట్టువాళ్ళు. మేం వాళ్ళ నోట్లో మడుగోళ్ళం, కాగితాల మీద "తీరమూలులం". ఏదో కషాయంలో వేసే వేరు పేరులా ఉంటుంది.

ఇవాళ మా మనవరాలు కస్తూరి ముప్ఫై ఒకటో సారి ఉద్యోగం అడగడానికి వెళ్ళి ముప్ఫై ఒకటో సారి తిరిగొచ్చింది.

"ఏమంది ఆ మనుషుల్ని ఏరే మిషను?" అని అడిగాను.

"ఆ స్థానానికి నా సరిపోలిక తక్కువంట అవ్వా. నూటికి ముప్ఫై ఒకటి."

"ఎన్నిసార్లు వెళ్ళావో అన్ని మార్కులు వేస్తున్నట్టుంది. ఇంకో అరవై తొమ్మిది సార్లు వెళ్ళు, నూటికి నూరు."

నవ్వలేదు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని కూర్చుంది. చలువ యంత్రాల గొట్టాలు అతికే చదువులో తరగతికి మొదటగా వచ్చిన పిల్ల. దాని పక్కన కూర్చుని దాని అతుకులే చూసి రాసుకున్న నవనీత అనే గట్టుపిల్లకు, పట్టా చేతికొచ్చిన వారంలోనే ఉద్యోగం వచ్చింది. నవనీతను ఏమీ అనను. మంచి పిల్ల. ఆ మిషనుకు నేర్పినవాళ్ళను అంటాను. "ఇన్నాళ్ళూ ఎవరిని తీసుకున్నామో, అలాంటివాళ్ళనే ఏరు" అని నేర్పారు. ఇన్నాళ్ళూ ఎవరిని తీసుకున్నారో నన్ను అడగండి, చెబుతాను.

కస్తూరి పట్టాకు మూడేళ్ళ గడువు. ఆలోగా ఆ పనిలో చేరకపోతే అది చిత్తుకాగితం. ఎండకాలం 150వ రోజుకు మూడేళ్ళు నిండుతాయి.

రేపు గురువారం. గురువారాలు కస్తూరి పన్నుల కార్యాలయం క్యాంటీనులో పళ్ళేలు తోముతుంది. శుక్రవారం తోమదు. శుక్రవారం అది ఇంకొకరి ఉద్యోగం.

64వ రోజు

ఉష్ణోగ్రత: నలభై ఏడు. నీళ్ళు: రెండు లీటర్లు, ఒక గ్లాసు అతిథి తాగాడు. రక్తపోటు: రాసినా నమ్మరు.

పొద్దున్న లేవగానే ఊరంతా ఒకటే కబురు. తూర్పు మిట్ట మీద చలువ గోపురం కడుతున్నారట. ఊరికంతటికీ చల్లటి గాలి పంపుతుందట. నాలుగు వందల ఉద్యోగాలు, అందులో సగం గొట్టాల పనివాళ్ళకే. నాకు వెంటనే రెట్టింపు నియమం గుర్తొచ్చింది. ఈ ప్రాంతంలో ఏ సమాజపు నిరుద్యోగం మిగతావాళ్ళదానికి రెట్టింపు దాటుతుందో, కొత్త పనుల్లో నాలుగో వంతు ఆ సమాజానిదే. అక్కడ ఏరే మిషను పప్పులు ఉడకవు, పట్టా ఒక్కటే చూస్తారు. అంటే వంద ఉద్యోగాలు. కస్తూరి చేత అప్పటికప్పుడు దరఖాస్తు నింపించాను.

పదిన్నరకు ఓబులేసు వచ్చాడు. జిల్లా గణనాధికారి, నా పాత విద్యార్థి. పదకొండు నుంచి నాలుగు దాకా నీడ గంటలు. ఎవరూ ఎండలో అడుగు పెట్టకూడదు, గుమ్మం దగ్గరికొచ్చిన మనిషిని ఎండలో నిలబెడితే ఆ గుమ్మం తాలూకు వాళ్ళకు జైలు. పదిన్నరకు వచ్చాడంటే, మజ్జిగ, ఐదు గంటల కబుర్లు లెక్కేసుకునే వచ్చాడని అర్థం.

"మేడమ్, శుభవార్త! మొదటి విడత లెక్క వచ్చింది. మీ వీధిలో నిరుద్యోగం సున్నా పాయింట్ సున్నా."

"మళ్ళీ చెప్పు."

"సున్నా మేడమ్. మా గట్టోళ్ళదే నాలుగు పాయింట్ ఒకటి ఉండాది. మీకు ప్రశంసాపత్రం గూడా ఇస్తారంట."

"ఓబులేసూ, నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న ఈ పిల్లను చూశావా? వారంలో ఆరు రోజులు ఇలాగే కూర్చుంటుంది. ముంజేతి కంకణానికి అద్దం దేనికిరా?"

"గురువారం పనికి పోయింది గదా మేడమ్. ఏడు దినాల్లో ఒక్క గంటన్నా కూలికి పని జేసింటే వాళ్ళు ఉద్యోగి కింద లెక్క. మీరే చెప్పినారు. రెండో బెంచీలో కూచోని రాసుకున్యా."

చెప్పాను. నిజమే. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను. ముప్ఫై నాలుగేళ్ళు, ఏడాదికి రెండు తరగతులు.

"ఆ రోజు నువ్వు నిద్రపోయి ఉండాల్సింది," అన్నాను.

అసలు లెక్క 70వ రోజు నుంచి 76వ రోజు దాకా తీస్తారట. అదే చివరి మాట. అప్పుడూ సున్నా వస్తే వంద ఉద్యోగాలూ పోయినట్టే. ఇది చెప్పి మజ్జిగ ఇంకో గ్లాసు అడిగాడు. పోశాను. పెంపకం అలాంటిది.

65వ రోజు

రక్తపోటు చూసి పలక ఒక సలహా ఇచ్చింది: "ప్రశాంతత కోసం ఇష్టమైన జ్ఞాపకం ఒకటి రాయండి." సరే, రాస్తున్నాను.

మా మడుగులో చేపలు ఎక్కడపడితే అక్కడ పడవు. కాలువ మడుగులో కలిసే నోటి దగ్గరే పడతాయి. చోటు ఒకటి, వలలు ఆరు. అందరూ ఒకేసారి దిగితే చేప బెదురుతుంది, మనుషులు కొట్టుకు చస్తారు. అందుకని వంతు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ఆదివారం మడుగుకు సెలవు. ఒకరి రోజున ఇంకొకరు వల తడిపితే వాళ్ళ పడవను ఒడ్డుకు లాగి బోర్లించేవాళ్ళు, ఏడాది దాకా తిప్పేవాళ్ళు కాదు. మా వీధిలో ఎవరూ పొట్ట నిండా తినలేదేమో గాని, ఎవరూ పస్తు పడుకోలేదు.

గట్టు మీదికొచ్చాక మూడు వందల మంది పెద్దవాళ్ళకు దొరికినవి యాభై పనులు. పళ్ళేలు తోమడం, దుప్పట్లు ఉతకడం, గోదాముల్లో మూటలు మొయ్యడం. ఎవరూ నేర్పకుండానే అదే పద్ధతి పెట్టుకున్నాం. ఒక పనికి ఆరుగురు, మనిషికి ఒక రోజు. యజమానులకు అభ్యంతరం లేదు, పళ్ళెం ఎవరు తోమినా పళ్ళెమే. ఆరుగురి పేర్లూ గేటు యంత్రంలో ఎక్కించారు. మా వీధిలో సంబంధాలు చూసేటప్పుడు కూడా "పిల్లవాడు ఏం చేస్తాడు?" అని అడగరు. "పిల్లవాడిది ఏ వారం?" అంటారు.

దీన్ని తలచుకుని నలభై ఏళ్ళు గర్వపడ్డాను. గట్టువాడు ఉద్యోగం పోతే ఒక్కడే ఇంట్లో కూర్చుని ఏడుస్తాడు, లెక్కలోకి వస్తాడు. మేం ఆకలిని కూడా ఆరుగురం పంచుకున్నాం. అందుకు మాకు శిక్ష.

ప్రశాంతంగానే ఉంది, థాంక్స్.

66వ రోజు

ఉష్ణోగ్రత: నలభై ఆరు. నీళ్ళు: గుర్తులేదు. రక్తపోటు: చూసుకోలేదు.

తెల్లవారుజామున, ఎవరూ పనికి పోకముందే, వీధి కూటం పెట్టించాను. వంతులు వేసేది మునస్వామి. నాకంటే రెండేళ్ళు పెద్ద, ఆరు తరాలుగా ఆ ఇంటివాళ్ళే వంతులు వేస్తున్నారు. చిన్నప్పుడు నేను బడికి పోతుంటే "ఆడపిల్లకు లెక్కలేందిమే" అని ఏడిపించినవాడు కూడా అతనే.

విషయం చెప్పాను. లెక్క తీసే ఏడు రోజులూ వంతు ఆపుదాం, ఆరుగురిలో ఒక్కరే అన్ని రోజులూ పనికి పోతారు, మిగతా ఐదుగురూ ఇంట్లో ఉంటారు, అప్పుడు మన నిజం కనబడుతుంది అన్నాను.

మునస్వామి లేచాడు. "సింగారమ్మా, నాకు తెలవక అడగతా ఉండా. ఒకరి రోజు ఇంకొకరు తినమంటన్నావా?"

"ఏడు రోజులు. వంద పనుల కోసం."

"మా తాత ఒకరి రోజు ఇంకొకరు ముట్టుకుంటే పడవ బోర్లించినాడు. నువ్వు మూడు వందల మందిని ముట్టుకోమంటన్నావు. అంత చదువు చదివి చెప్పేది ఇదా?"

"నీ వంతు బాగుంది మునస్వామీ. మడుగులో చేపలకి బాగుంది. ఇక్కడ లెక్క తీసేవాడు చేప కాదు."

కొందరు నవ్వారు. నీలవేణి నవ్వలేదు. ఆమెది మంగళవారం, కస్తూరి తోమే సింకు దగ్గరే. ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. "అవ్వా, నా మంగళారం పోతే ఆ వారం పిల్లోళ్ళకి ఏం బెట్టేది?" అంది.

అప్పుడు కస్తూరి లేచింది.

"పనికి పోయేవాళ్ళు తెచ్చిన కూలి ఆరు ఇండ్లూ పంచుకుందాం నీలవేణక్కా. వంతు పనిలో వద్దు, కూట్లో పెట్టుకుందాం. నాకు గోపురంలో పని వస్తే నా గురువారం నీకే. రాసిస్తా."

"కూట్లో వంతు," అన్నాడు మునస్వామి. "అదైతే మా తాత కూడా ఏమీ అనడులే." చీట్లు తెప్పించాడు.

73వ రోజు

ఉష్ణోగ్రత: నలభై ఎనిమిది. నీళ్ళు: రెండు. రక్తపోటు: నూట నలభై ఆరు.

లెక్క నడుస్తోంది. క్యాంటీను సింకుకు చీటీ సరోజకు పడింది. నలభై ఏళ్ళుగా సోమవారం తప్ప ఎరగని మనిషి. మూడో రోజుకే నడుం పట్టేసి, "వారమంతా పన్జేసేవాళ్ళు ఎట్ట బతకతారక్కా? గట్టోళ్ళు నిజంగానే గట్టోళ్ళు" అని మూలిగింది.

మిగతావాళ్ళు వీధిలో కూర్చున్నారు. మగవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఉన్న వలలనే విప్పి మళ్ళీ అల్లుతున్నారు. ఆ వలలు నలభై ఏళ్ళుగా నీళ్ళు చూడలేదు. మంగళవారం నీలవేణి తెల్లారే లేచి, తల దువ్వుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగింది. నేను చూస్తున్నానని తెలిసి లోపలికి పోయింది. ఆ పూట వాళ్ళింట్లో గంజి. సరోజ తెచ్చినదాంట్లో ఆరో వంతు.

ఇవాళ గురువారం. కస్తూరి తన గొట్టాల పెట్టె తీసి, ఒక్కొక్క పనిముట్టూ తుడిచి, మళ్ళీ సర్దింది. రెండుసార్లు.

ఒక్కరు కూడా మాట తప్పలేదు. మూడు వందల మందీ.

79వ రోజు

ఉష్ణోగ్రత, నీళ్ళు మీరే ఊహించుకోండి. రక్తపోటు: నూట డెబ్భై ఎనిమిది.

ఫలితం: సున్నా పాయింట్ సున్నా.

చదివినవాళ్ళు పొరపాటు పడకుండా మళ్ళీ రాస్తున్నాను. సున్నా. ఓబులేసు తొమ్మిదింటికే వచ్చాడు. ఈసారి గడప బయటే నిలబడ్డాడు.

"మేడమ్, యాభై మంది పని జేసినారు. వాళ్ళు ఉద్యోగులు. రెండు వందల యాభై మంది చెయ్యలేదు. కానీ వాళ్ళ పేర్లు గేటు యంత్రంలో ఉండాయి, గేటు వాళ్ళకు తెరుస్తాది, పని ఉండాది. వాళ్ళే పోలేదు. పని ఉండి మానుకున్నోళ్ళు నిరుద్యోగులు కారు. శ్రామికుల్లోనే రారు. వాళ్ళను తీసేస్తే మిగిలింది యాభై. యాభైలో పని లేనోళ్ళు సున్నా."

"తీసేశారు."

"లెక్కలోంచి మేడమ్, ఊర్లోంచి కాదు."

"నయం."

"అది నేను రాయలేదు మేడమ్. మా లెక్కల మిషన్ అట్ల వర్గీకరించింది. స్వచ్ఛంద విరామం అని."

స్వచ్ఛంద విరామం! నీలవేణి పిల్లలు గంజి తాగింది స్వచ్ఛంద విరామం. నా మనవరాలు మూడేళ్ళుగా గోడకు ఆనుకుని కూర్చున్నది స్వచ్ఛంద విరామం. సముద్రం వచ్చి పదకొండు ఊళ్ళు మింగినప్పుడు మేం లేచి వచ్చేశామే, అది కూడా మా ఇష్టమే కాబోలు. వారానికొక రోజు పని చేస్తే ఉద్యోగులం. చెయ్యకపోతే సోమరులం. మాకు పని లేదని ఒప్పుకునే మాట ఒక్కటి, ఒకే ఒక్క మాట, ఆ మహాయంత్రం కడుపులో లేదు. గట్టువాళ్ళ దుఃఖానికి నాలుగు పాయింట్ ఒకటి అని దశాంశం దాకా చోటుంది. మాకు గుండు సున్నా చుట్టి, దాని పక్కన ఇంకో సున్నా పెట్టారు, మొదటిదానికి తోడుగా.

అభ్యంతరాలకు వారం గడువట. అభ్యంతరం రాయడానికి పలక ఇచ్చే చోటు: ఇరవై పదాలు.

మునస్వామి ఇంటి ముందు నుంచి పోతుంటే పిలిచాడు. దెప్పుతాడనుకున్నాను. "కూర్చోమే, ముఖం అట్టయిపోయిందే," అన్నాడు. అది దెప్పడం కంటే ఎక్కువ గుచ్చుకుంది.

80వ రోజు

ఉష్ణోగ్రత: నలభై ఏడు. నీళ్ళు: ఒకటిన్నర. రక్తపోటు: నూట ఎనభై.

ఇవాళ ఏమీ రాయను.

82వ రోజు

ఉష్ణోగ్రత: నలభై ఆరు. నీళ్ళు: మూడు. రక్తపోటు: నూట అరవై.

ఓబులేసు కార్యాలయానికి వెళ్ళాను. ఇరవై పదాల అభ్యంతరాన్ని నోటితో ఇద్దామని. వాడు లోపలి గదిలో ఉన్నాడు, కూర్చోబెట్టారు. బల్ల మీద మా వీధి నివేదిక ఉంది. పనిలేని ముసలిదాన్ని, తిరగేశాను.

తరగతిలో ఎన్నివేలసార్లు చెప్పి ఉంటాను! పెద్ద అంకెను నమ్మకండర్రా, దాని కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. కోపంలో నేనే చూడలేదు. ఏడో అధోసూచిక: "పని ఉన్నట్టు లెక్కకెక్కిన వ్యక్తి ఏ పనిదినాన గేటు వద్దకు వచ్చినా యజమాని పని కల్పించవలెను. లేనిచో పని లేదని సంతకంతో పత్రం ఇవ్వవలెను. అభ్యంతరాల గడువులోగా పత్రం పొందిన వ్యక్తి లెక్క తీసిన వారమంతా నిరుద్యోగిగానే పరిగణింపబడును. యంత్రపు వర్గీకరణ చెల్లదు."

ఎప్పుడో ఒక మిల్లు యజమాని గేటు మూసేస్తే గట్టు కార్మికులు కొట్లాడి తెచ్చుకున్న నియమం. పాపం, మాకోసం తెచ్చుకోలేదు.

ఓబులేసు బయటికొచ్చాడు. "ఏం మేడమ్, అభ్యంతరం రాస్తారా?"

"రాయను. మీ లెక్క సరిగ్గానే ఉంది నాయనా. మా మూడు వందల మందికీ పని ఉన్నట్టే."

వాడికి ఊపిరి పీల్చుకోవాలో, భయపడాలో అర్థం కాలేదు. రెండో బెంచీ వాళ్ళ ముఖాలు జీవితాంతం అలాగే ఉంటాయి.

సాయంత్రం మునస్వామికి చెప్పాను. ఈసారి చీట్లు అక్కర్లేదు, వంతులు అక్కర్లేదు. సోమవారం పొద్దున్న అందరూ పోవాలి. ఎవరి గేటుకు వాళ్ళు, ఆరుగురు ఆరుగురుగా, ఒకేసారి.

"ఒకే కాలవ నోట్లో ఆరు వలలా?" అన్నాడు. ముడతల ముఖం మెల్లగా విచ్చుకుంది. "చేపలు బెదిరి చస్తాయి గదే."

84వ రోజు, సోమవారం

ఉష్ణోగ్రత: నలభై ఎనిమిది. నీళ్ళు: మూడున్నర. రక్తపోటు కొలిచే తీరిక లేదు.

ఎనిమిదింటికి క్యాంటీను గేటు. సరోజ, నీలవేణి, కస్తూరి, ఇంకో ముగ్గురు. వెనక తాటాకు గొడుగుతో నేను. గేటు యంత్రం ఆరుసార్లు పచ్చగా వెలిగింది. ఏ ఒక్కరికీ కాదనలేదు. క్యాంటీను చూసుకునే చంద్రకళ పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడింది. గట్టుమనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి.

"ఏందిది, ఆరుమంది వచ్చినారు? సింకు ఒకటే గదమ్మా ఉండేది!"

"లెక్కలో ఆరుగురు ఉన్నారమ్మా," అన్నాను.

"యా లెక్కలో?"

"మీ లెక్కలో." నివేదిక నకలు చూపించాను. "ఆరుగురికీ పని ఉందని ప్రభుత్వం రాసింది. రోజూ వస్తారు ఇక. ఆరుగురికీ పని ఇవ్వు, ఆరుగురికీ కూలి ఇవ్వు. లేదంటే లేదని రాసివ్వు."

"నేను రాసియ్యలేను. పైనోళ్ళను అడగల్ల."

అడిగింది. ఫోను పెట్టేసి వచ్చింది. లోపలికి రానివ్వొద్దన్నారట, రాసివ్వనూ వద్దన్నారట. రాసిస్తే ఒక పని మీద ఆరు పేర్లు ఎందుకు పెట్టుకున్నారో వాళ్ళు చెప్పుకోవాల్సి వస్తుంది.

నిలబడ్డాం. తొమ్మిదైంది. పదైంది. ఎండ గోడ దిగి కాళ్ళ మీదికి వచ్చింది. సరోజ నడుం పట్టుకుని కూర్చుంటే కస్తూరి తన నీడ ఆమె మీద పడేలా జరిగింది. నీలవేణి కొంగు తడిపి నా నెత్తిన వేసింది. పదీ నలభై అయింది.

"అవ్వా, ఇంటికి పోండి అవ్వా," అంది చంద్రకళ. "మీకేమన్నా అయితే?"

"నాకు కాదమ్మా, నీకు అవుతుంది. ఇంకో ఇరవై నిమిషాల్లో నీడ గంటలు. నీ గేటు ముందు ఏడుగురు ఎండలో ఉంటారు. పోలీసులొస్తే లోపలికి పోయేది నీ పైనోళ్ళు కాదు."

"నన్ను బెదిరిస్తాండావా?"

"లేదు తల్లీ. నీ మీద జాలిపడుతున్నాను. నీ పైనోళ్ళు నీడలో ఉన్నారు."

అటూ ఇటూ చూసింది. ఫోను వైపు చూసింది. పదీ యాభై మూడుకు, "నాకూ పిల్లోళ్ళు ఉండారు" అని ఎవరికో చెబుతున్నట్టు అంటూ బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. ఐదు పత్రాలు రాసింది. సోమవారం సరోజది కాబట్టి ఆమెను లోపలికి పంపింది. మిగతా మమ్మల్ని కూడా వంటగది పక్కన నీడలో కూర్చోబెట్టి, అడక్కుండానే నీళ్ళు ఇచ్చింది.

కస్తూరి తన పత్రం రెండు చేతులతో పట్టుకుని చదివింది. "కస్తూరి అను వీరికి ఇచ్చుటకు మా వద్ద పని లేదు." సంతకం, ముద్ర, తేదీ. చదివి నవ్వింది. మూడేళ్ళ తర్వాత పళ్ళు కనబడేలా నవ్వింది. తరగతికి మొదటగా వచ్చిన పిల్ల, నీకు పని లేదు పొమ్మని రాసిచ్చిన కాగితాన్ని చూసి మురిసిపోతోంది. నీలవేణి తన పత్రాన్ని కళ్ళకద్దుకుంది. నేను తల తిప్పుకున్నాను. ఇంత సిగ్గుమాలిన సంతోషం నా ఇంటి ఆడపిల్ల ముఖంలో చూడాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

నాలుగు కొట్టాక వీధి వీధంతా ఓబులేసు కార్యాలయానికి చేరింది. మునస్వామి పత్రాలన్నీ ఒక చేపల గంపలో పోసి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఊరంతా అదే కథట. గోదాముల్లో పదీ యాభై ఎనిమిదికి ఇచ్చారు. ఒక్క దుప్పట్ల ఉతుకుడు కొట్టువాడు మాత్రం రాసివ్వడానికి మనసొప్పక, ఆరుగురినీ లోపలికి పిలిచి, ఒకే దుప్పటిని ఆరుసార్లు మడత పెట్టించాడట, కూలి కూడా ఇచ్చాడట. మొత్తం పత్రాలు రెండు వందల నలభై అయిదు.

ఓబులేసు ఒక్కొక్కటే ఎక్కించాడు. యంత్రం ప్రతిదానికీ మొరాయించింది, ప్రతిసారీ ఏడో అధోసూచిక నొక్కాల్సి వచ్చింది. గంటన్నర పట్టింది. చివరి పత్రం ఎక్కాక తెర మీది సున్నా పోయింది.

"ఎనభై ఒకటి పాయింట్ ఏడు," అన్నాడు నెమ్మదిగా.

వెనక ఎవరూ కేకలు వెయ్యలేదు. అంత పెద్ద అంకె విన్నాక కేక రాదు.

"గోపురంలో నాలుగో వంతు మీకే మేడమ్. దానికింక తిరుగులేదు. గొట్టాల పనికి పట్టాల వరుస తీస్తే కస్తూరి పేరే ముందు ఉండాది." చెమట తుడుచుకుని, చిన్నప్పుడు మార్కులు అడిగినట్టే అడిగాడు. "ఇప్పుడన్నా సంతోషమేనా మేడమ్?"

"ఒక్క సందేహం ఓబులేసూ."

"అడగండి మేడమ్."

"మీ గట్టువాళ్ళలో నూటికి నలుగురికి పని లేదన్నావే. వాళ్ళలో ఎంతమంది గేటు ముందు ఎండలో నిలబడ్డారు?"

"నిలబడడమేంది మేడమ్?"

"ఎంతమంది వారం రోజులు పిల్లలకు గంజి పోశారు? ఎంతమంది, పని లేదు అని వేరేవాడి చేత సంతకం పెట్టించుకొచ్చి, గంపలో మోసుకొచ్చి నీకు చూపించారు?"

వాడు తెర వైపు చూశాడు. గంప వైపు చూశాడు.

"ఎవరూ లేదు మేడమ్."

"మరి వాళ్ళకు పని లేదని నీకెలా తెలిసింది?"

వాడు క్లాసులో జవాబు తెలిసీ లేవడానికి భయపడే పిల్లవాడిలా, కింద చూస్తూ చెప్పాడు.

"ఇండ్లకు పొయ్యి అడిగినాం మేడమ్. లేదన్యారు. రాసుకున్యాం."